లాబ్రడార్ పటంలోని చుక్కల గీత: తప్పు పటానిదా, చదివినవారిదా?

ఉత్తరదిక్కు:
1903లో న్యూయార్క్ పత్రికా రచయిత లియొనిడాస్ హబ్బర్డ్ ఇప్పటి కెనడాలోని లాబ్రడార్ అడవుల్లో ఆకలితో చనిపోయారు. ఆయన నమ్ముకున్నది కెనడా భూగర్భ సర్వే శాఖకు చెందిన ఎ.పి. లో గీసిన పటాన్ని. ఆ పటంలో గ్రాండ్ లేక్ అనే సరస్సులోకి ఒకే నది వచ్చి కలుస్తుంది. నిజానికి అక్కడ కలిసే నదులు ఇంకా ఉన్నాయి. హబ్బర్డ్ బృందం, తాము చేరాలనుకున్న మిచికమౌ సరస్సు వైపు దారితీసే నాస్కాపీ నది ముఖద్వారాన్ని గమనించకుండా దాటిపోయి, సూసన్ అనే రాళ్ల వాగులోకి మళ్లింది. తెలియని చోటును పటంలో ఖాళీగా వదిలేయాలి. ఆ చావులో పటానికి పెద్ద వాటా ఉందని నా వాదన.

కొలబద్ద:
ఒప్పుకోను. మిచికమౌ సరస్సును ఎ.పి. లో 1894లో స్వయంగా చూసి పటానికి ఎక్కించారు. అక్కడి నుంచి గ్రాండ్ లేక్‌కు దిగే నదిలో ఆయన ప్రయాణించలేదు కాబట్టి, విన్నదాన్ని బట్టి దాన్ని చుక్కలతో గీశారు. చుక్కలు గీశారంటేనే తాను చూడలేదని చెప్పినట్టు. అంతకంటే నిజాయితీగా ఎలా గీస్తారు? ఖాళీగా వదిలితే, తరతరాలుగా అక్కడ తిరుగుతున్న ఇన్నూ ప్రజలకు తెలిసినదంతా లేనట్టే అవుతుంది.

ఉత్తరదిక్కు:
చుక్కలు ఆ ఒక్క నది దారి మీద సందేహాన్ని చెబుతాయి. పక్కన అసలు గీయని నదుల గురించి ఏమీ చెప్పవు. చదివేవారు ‘ఇక్కడ ఉన్నది ఇదొక్కటే’ అనుకోరా?

కారిబూదారి:
ఇద్దరూ 1905ను మరిచిపోతున్నారు. హబ్బర్డ్ భార్య మీనా అదే గ్రాండ్ లేక్ నుంచి బయలుదేరి, నాస్కాపీ మీదుగా మిచికమౌ చేరి, జార్జ్ నది వెంట ఆగస్టు చివరికి ఉత్తరాన ఉంగావా అఖాతం తీరంలో తేలారు. దారిలో అక్షాంశాలు కొలిచి పటం తయారుచేశారు. అయితే ఆమె పడవల్లో గిల్బర్ట్ బ్లేక్ ఉన్నాడు, అతనిది ఆ ప్రాంతమే. 1903లో దారి చూపిన జార్జ్ ఎల్సన్ ఎంత సమర్థుడైనా జేమ్స్ బే వైపు నుంచి వచ్చినవాడు, లాబ్రడార్ అతనికి కొత్త. తేడా అక్కడుంది. పటం మీద మాత్రం మీనా పేరు నిలిచింది. 1905లో ఆమె వెంట వెళ్లిన బ్లేక్, ఎల్సన్, జోబ్ చాపీస్, జోసెఫ్ ఐసర్‌హాఫ్‌ల పేర్లు ఎందరికి తెలుసు? నాకు ఇది బాధ కలిగిస్తుంది.

ఉత్తరదిక్కు:
స్థానికుణ్ని వెంట తీసుకెళ్లకపోవడం హబ్బర్డ్ పొరపాటే, కాదనను. కానీ గ్రాండ్ లేక్ చుట్టూ వేటాడే కుటుంబాలకు ఆ నదులన్నీ తెలుసు. విన్నదాన్ని పటానికి ఎక్కించినప్పుడు, ‘ఈ సరస్సు తలభాగాన్ని సర్వే చేయలేదు’ అని పక్కనే ఒక్క వాక్యం అచ్చు వేయాల్సింది.