పెద్దవారితో రాజమహేంద్రవరంలో మూడు రోజులు: మెట్లు తక్కువ, తీరిక ఎక్కువ ఉండేలా ఎలా వెళ్లి రావాలి?

భీమవరం_అబ్బాయి

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 78 ఏళ్లు, అమ్మకు 72. నాన్నగారికి మధుమేహం, రక్తపోటు ఉన్నాయి. అమ్మకు రెండేళ్ల క్రితం రెండు మోకాళ్లకూ శస్త్రచికిత్స జరిగింది; చదునైన నేల మీద అర కిలోమీటరు నడవగలదు గానీ, పట్టుకోవడానికి కమ్మీ లేని మెట్లు కనబడితే అక్కడే ఆగిపోతుంది. వీరితో పాటు చక్రాల కుర్చీలో ఉండే మా మేనత్తగారు కూడా వస్తారు. డిసెంబరులో, సంక్రాంతి రద్దీ మొదలుకాక ముందే, రెండు రాత్రులు రాజమహేంద్రవరంలో ఉండి రావాలనుకుంటున్నాం.

నాన్నగారు 1960లలో నిడదవోలు వైపు నుంచి రైల్లో గోదావరి దాటి వెళ్లి అక్కడి ఆర్ట్స్ కళాశాలలో చదువుకున్నారు. ఆయన కోరినది ఒక్కటే, ఆ పాత వంతెనను మరోసారి తీరిగ్గా చూడడం. మిగిలిన జాబితా అంతా నేను తయారు చేసినదే: ద్రాక్షారామం, అన్నవరం, పాపికొండలు, కడియం నర్సరీలు, ధవళేశ్వరం, కందుకూరి వారి ఇల్లు, గోదావరి హారతి. వీటిలో ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి? వెళ్లి వచ్చినవారు చెప్పగలరు.

గౌతమి_గట్టు

నేను ఈ ఊరివాడినే కనుక కాస్త నిర్మొహమాటంగా చెబుతాను, ఏమీ అనుకోకండి. మీ జాబితాతో ముప్ఫై ఏళ్లవాడికి కూడా ఒళ్లు హూనమవుతుంది. మీ నాన్నగారు అడిగినదాన్ని మధ్యలో పెట్టుకుని, మిగిలినవాటిని దాని చుట్టూ సర్దండి.

ఆయన చెప్పే వంతెన హేవలాక్ వంతెన. 1900లో మొదలై 1997 దాకా రైళ్లను మోసింది. ఆ తరువాత ఆ పని దాని పక్కనే కట్టిన ఆర్చి వంతెన తీసుకుంది. పైన రోడ్డు, కింద రైలు ఉండే మరో వంతెన అంతకన్నా ముందే, 1974లో వచ్చింది. అంటే మీ నాన్నగారు చదువుకున్న రోజుల్లో ఇక్కడ రోడ్డు వంతెనే లేదు, రైలెక్కాలి లేదా లాంచీ ఎక్కాలి. ఇదంతా ఆయనకు తెలిసిందే, అయినా మీరు అడిగి చెప్పించుకోండి.

వంతెనలు చూడడానికి నీళ్లలోకి దిగనక్కర లేదు. గట్టు మీద రోడ్డు చదునుగా ఉంటుంది, మెట్లన్నీ గట్టు నుంచి నీటి వైపు దిగేవే. సాయంత్రం పుష్కర ఘాట్‌లో హారతికి కూడా చాలామంది ముందు వరుస కోసం కిందికి దిగుతారు గానీ, పైనుంచే చక్కగా కనబడుతుంది. అరగంట ముందు వెళ్లి చక్రాల కుర్చీని అంచుకు దూరంగా నిలిపి, బ్రేకు వేసి, పక్కన ఒకరు ఉండండి. జనం లేచేటప్పుడు తోపులాట ఉంటుంది కాబట్టి హారతి అయ్యాక పది నిమిషాలు కదలకుండా కూర్చుంటే మంచిది.

ఇంకొక మాట. వెళ్లే ముందు పంచాంగం చూసుకోండి. కార్తికం పూర్తి కాకపోతే ఘాట్‌లూ శివాలయాలూ కిటకిటలాడుతుంటాయి, మరుసటి పాడ్యమి నాడు పోలి దీపాలు వదలడానికి తెల్లవారకముందే జనం గట్టంతా నిండిపోతారు. అవి గడిచాక రండి.

రామచంద్రపురం_కోడలు

పాపికొండలు తీసేయండి. మా అత్తగారిని తీసుకువెళ్లి చేసిన పొరపాటు చెబుతాను. నదిలో నీరు తగ్గి ఉండడంతో ఏటవాలు గట్టు దిగి, ఒక పలక మీదుగా పడవ ఎక్కాల్సి వచ్చింది. ఎక్కేటప్పుడు ఇద్దరు చేతులు పట్టుకున్నారు కనుక గడిచింది. దిగేటప్పుడు అందరూ ఒక్కసారే తోసుకురావడంతో ఆవిడ కాలు జారి మడమ బెణికింది, ఆపైన మూడు వారాలు మంచం మీదే. రోజంతా పడవలోనే ఉండాలి, మధ్యలో ఒంట్లో బాగాలేకపోతే వెనక్కి తిరిగే వీలు ఉండదు. కొండలు అందంగా ఉంటాయనడంలో సందేహం లేదు, కానీ నాకిప్పుడు ఆ పలకే గుర్తొస్తుంది.

ద్రాక్షారామం మా ఇంటికి దగ్గర కాబట్టి చెబుతున్నాను. భీమేశ్వరస్వామి లింగం రెండు అంతస్తుల ఎత్తున ఉంటుంది. పై భాగం చూడాలంటే లోపలి మెట్లు ఎక్కాలి. మెట్లు ఎక్కలేనివారు కింద నుంచే దర్శనం చేసుకుంటారు, అందులో లోటేమీ లేదు. మధ్యాహ్నం మాత్రం వద్దు. ప్రాకారంలోని రాళ్లు ఎండకు కాలిపోతుంటాయి, మధుమేహం వల్ల పాదాలకు స్పర్శ తగ్గినవారికి బొబ్బ వచ్చిందన్న సంగతి ఇంటికి వచ్చాక గాని తెలియదు. మా మామగారికి అలాగే జరిగింది. ఇప్పుడు మందమైన నూలు మేజోళ్లు సంచిలో పెట్టుకుని, గుడి వారిని అడిగి వేయించుకుంటున్నాం. ఉదయం ఎనిమిది లోపల వెళ్లిపోతే ఆ బెడదే ఉండదు.

పంచారామ_యాత్రికుడు

ఇందరు భయపెడుతున్నారు గానీ, మేము మా తల్లిదండ్రులతో అయిదు ఆరామాలూ ఒకే రోజు చూశాం. అమరావతిలో మొదలుపెట్టి భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం మీదుగా రాత్రికి సామర్లకోట చేరాం. ఓపిక ఉంటే అన్నీ అవుతాయి.

డెబ్బై_ఒకటి_నిండినది

నాయనా, మీ అమ్మగారికి పాలకొల్లు గోపురం గుర్తుందేమో ఒకసారి అడగండి. ఇలాంటి యాత్రలో నన్నూ తిప్పారు. 120 అడుగుల గోపురం కారు అద్దంలోంచి చూశాను, మూడో గుడికి వచ్చేసరికి నేను దిగనన్నాను. పిల్లలు వెళ్లి దణ్ణం పెట్టుకుని వచ్చి ప్రసాదం చేతిలో పెట్టారు. వాళ్ల తప్పేమీ లేదు, పొద్దుటి నుంచి మంచినీళ్లు తాగడం మానేసింది నేనే. దారిలో మరుగుదొడ్డి ఎక్కడుందో తెలియనప్పుడు మా వయసువాళ్లం చేసే పని అదే: నోరు కట్టేసుకుంటాం, సాయంత్రానికి కళ్లు తిరుగుతాయి. అందుకని ఏ గంటకు ఎక్కడ ఆగుతారో, అక్కడ కూర్చుని వాడుకునే మరుగుదొడ్డి ఉందో లేదో ముందే చెప్పండి. అది తెలిస్తే నేను హాయిగా నీళ్లు తాగుతాను.

మోకాలి_వైద్యశాల

నేను ఫిజియోథెరపిస్టును. వయసు సంఖ్యను బట్టి కాక, మీ అమ్మగారు ఇంట్లో చేయగలిగినదాన్ని బట్టి ప్రణాళిక వేయండి. కారులో ముందు సీటు పూర్తిగా వెనక్కి జరిపి, మొదట సీటు అంచున కూర్చోబెట్టి, తరువాత రెండు కాళ్లనూ కలిపి లోపలికి తిప్పించండి. సీటు మీద ఒక ప్లాస్టిక్ సంచి పరిస్తే తిరగడం తేలికవుతుంది, కూర్చున్నాక సంచి తీసేయండి. మరీ కిందికి ఉండే కార్లలోంచి లేవడం కష్టం, మరీ ఎత్తుగా ఉండేవాటిలోకి ఎక్కడం కష్టం. సీటు తుంటి ఎత్తులో ఉన్న బండి చూసుకోండి. భీమవరం నుంచి వచ్చే దారిలో ఒకసారైనా ఆపి నాలుగడుగులు వేయించండి, కూర్చున్నంతసేపూ మడమలు పైకీ కిందికీ ఆడించమనండి. నాన్నగారు నీళ్ల మాత్ర (మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందు) వాడుతున్నట్లయితే ప్రయాణం రోజున ఏ వేళకు వేసుకోవాలో మీ డాక్టరుగారినే అడగండి, మీ అంతట మీరు మానిపించవద్దు.

హైదరాబాదు_నుంచి

రైల్లో వచ్చే పెద్దవారి కోసం ఒక సంగతి. 60 నిండిన పురుషులకు, 45 నిండిన స్త్రీలకు కింది బెర్తు కోటా ఉంది, కానీ ఒక టికెట్ మీద ఒకరు లేదా ఇద్దరు మాత్రమే ఉండాలి. నేను మొదటిసారి మా నలుగురికీ ఒకే టికెట్ తీసుకున్నాను, అమ్మకు పై బెర్తు వచ్చింది. ఇప్పుడు అమ్మానాన్నలకు వేరుగా, మాకు వేరుగా తీసుకుంటున్నాను. ఛార్జీలో రాయితీ మాత్రం 2020 మార్చి నుంచి లేదు. ఏపీఎస్ఆర్టీసీ బస్సుల్లో 60 దాటినవారికి 25 శాతం తగ్గింపు ఉంది, ఆధార్ దగ్గర ఉంచుకోవాలి. రాజమహేంద్రవరంలో రైలు కొద్ది నిమిషాలే ఆగుతుంది కనుక, ముందు స్టేషను దాటగానే సామాను తలుపు దగ్గరకు చేర్చి, పెద్దవారు దిగాకే సామాను దించండి. మేము మొదట సామాను దించి ఎంత కంగారు పడ్డామో చెప్పలేను.

గౌతమి_గట్టు

బస సంగతి ఎవరూ చెప్పలేదు. ఫోనులో "లిఫ్టు ఉందండీ" అనే మాట నమ్మి గది తీసుకోకండి. మా బంధువుల కోసం నేను వెళ్లి చూసిన ఒక చోట లిఫ్టు ఉన్నమాట నిజమే, కానీ దాని దగ్గరకు చేరాలంటే వీధిలోంచి ఆరు మెట్లు ఎక్కాలి. వీడియో కాల్ చేసి, వీధి గుమ్మం నుంచి గది మంచం దాకా నడిచి చూపించమనండి. స్నానాల గది తలుపు వెడల్పు టేపుతో కొలిపించండి. చాలా చోట్ల అది రెండడుగులకు మించదు, మీ మేనత్తగారి కుర్చీ వెడల్పు అంతకన్నా ఎక్కువ ఉంటే లోపలికి పోదు. కరెంటు పోతే జనరేటరు మీద లిఫ్టు నడుస్తుందా అని కూడా అడగండి. జారని రబ్బరు పట్టా, స్నానానికి ఒక ఎత్తు పీట మీరే తెచ్చుకోవడం నయం.

అన్నవరం ఈసారికి మానుకోండి. కొండ మీదకు కారు వెళుతుంది, మెట్లు ఎక్కనక్కర లేదు, నిజమే. కానీ రానూపోనూ ఒక రోజు పోతుంది. ధవళేశ్వరం మాత్రం ఉంచండి, ఊరికి పక్కనే. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేసిన ఆనకట్ట స్థానంలో 1970, 1982 మధ్య కట్టినదే ఇప్పటి బ్యారేజీ. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం భాగాలు నాలుగూ కలిపి 175 గేట్లు. దాని మీద బండి ఆపడం కుదరదు, నెమ్మదిగా దాటించి, కాటన్ ప్రదర్శనశాల ఆవరణలో చెట్టు నీడన కూర్చోబెట్టండి. మన భీమవరం కాలువలకు నీళ్లు ఎక్కడ మళ్లుతాయో ఆ వయసువారు చూస్తే ఆ కబుర్లే వేరు.

కడియం వెళ్లాలంటే పొద్దున్నే వెళ్లండి, పెద్ద బాటలున్న నర్సరీ ఒక్కటి చాలు. మొక్కలకు అప్పుడే నీళ్లు పెట్టి ఉంటే మట్టి దారిలో చక్రాలు కూరుకుపోతాయి. కందుకూరి వారిది పాతకాలపు ఇల్లు, గడపలూ మెట్లూ ఉంటాయి; నాన్నగారికి ఆసక్తి ఉంటే ఆయనతో మీరొక్కరే వెళ్లి రండి, మిగిలినవారు గదిలో పడుకుంటారు. అందరూ అన్నీ కలిసే చూడాలన్న నియమం ఎక్కడా లేదు.

తాపేశ్వరం_తీపి

ఆత్రేయపురం పూతరేకులు తీసుకోకుండా తిరిగి వెళ్లకండి. నాన్నగారికి మధుమేహం అన్నారు కాబట్టి బెల్లం వేసినవి తీసుకుంటే ఇబ్బంది ఉండదు.

మోకాలి_వైద్యశాల

క్షమించాలి, బెల్లం కూడా రక్తంలో చక్కెరను పెంచుతుంది. ఆశపడితే ఒక ముక్క, అదీ భోజనం లెక్కలో కలుపుకుని. ఊరగాయలతో కూడా జాగ్రత్త, రక్తపోటు ఉంది కదా.

భీమవరం_అబ్బాయి

నిన్ననే తిరిగి వచ్చాం, ఇంతమంది రాశారు కనుక ఎలా జరిగిందో చెప్పాలి.

వీడియో కాల్‌లో మొదటి హోటల్ గుమ్మం దగ్గరే నాలుగు మెట్లు కనబడ్డాయి. రెండో చోట కుర్రవాడు టేపు తెచ్చి కొలిచి, తలుపు ఇరవై ఎనిమిది అంగుళాలని చెప్పాడు. మేనత్తగారి కుర్చీ ఇరవై అయిదు. అక్కడే దిగాం. మొదటి రోజు మధ్యాహ్నం చేరి పడుకున్నాం, సాయంత్రం గట్టు మీదకు వెళ్లాం. ఆర్చి వంతెన మీద గూడ్సు బండి వస్తే నాన్నగారు పెట్టెలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు, యాభై ఎనిమిది వచ్చాయి. పక్కనున్న పాత వంతెన స్తంభాలు చూపిస్తూ, రైలు నది మీదకు రాగానే అందరూ నాణేలు వేసేవారని, తన దగ్గర వేయడానికి కానీ కూడా ఉండేది కాదు కనుక దణ్ణం మాత్రం పెట్టుకునేవాడినని చెప్పారు. ఇన్నేళ్లలో ఆ మాట మాకెప్పుడూ చెప్పలేదు. అత్తగారు తన సంచిలోంచి అయిదు రూపాయల బిళ్ల తీసి ఆయన చేతిలో పెట్టారు. దాన్ని నీళ్ల దాకా విసరడం ఆయన వల్ల కాలేదు, కింది మెట్టు మీద పడింది. ఒక పిల్లవాడు తీసి నదిలో వేశాడు.

రెండో రోజు ఉదయం ధవళేశ్వరం వెళ్లాం. ద్రాక్షారామం కోసం బండి సిద్ధం చేశాను గానీ, నాన్నగారు మళ్లీ గట్టుకే వెళదామన్నారు, అమ్మ కూడా సరేనంది. అదే బల్ల మీద, వేరుశనక్కాయలతో మూడు గంటలు కూర్చున్నాం. మూడో రోజు కడియంలో అమ్మ రెండు నందివర్ధనం మొక్కలు కొంది. అవి కారులో అత్తగారి కాళ్ల దగ్గరే వచ్చాయి, కుర్చీకి చోటు చాలక డిక్కీ తాడుతో కట్టాల్సి వచ్చింది.

గౌతమి_గట్టు గారికి ఒక విన్నపం. మీరు తెచ్చుకోమన్న ఎత్తు పీట హోటల్ స్నానాల గదిలోనే మరిచిపోయాం. వారు తీసి ఉంచామన్నారు. ఎప్పుడైనా అటు వెళితే మీ దగ్గర పెట్టుకోగలరా? నాన్నగారు ఫిబ్రవరిలో మళ్లీ వెళదామంటున్నారు, అప్పుడు వచ్చి తీసుకుంటాం.