పెనుకొండ గగన్ మహల్ లోపల చూడాలంటే ఏ వేళకు వెళ్లాలి?

పెనుకొండలో పాత కట్టడాలు చూడాలని నాన్నను తీసుకుని హిందూపురం నుంచి వెళ్తున్నాను. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధాని చేసుకున్న ఊరు ఇది, ఆయనకు ఇక్కడి ప్రతి రాయి మీదా ప్రేమే. పక్కపక్కనే ఉన్న రామాలయం, శివాలయం చూశాం. రామాలయం గోడల మీద రామాయణ శిల్పాల దగ్గర ఆయన చాలాసేపు నిలబడిపోయారు. పార్శ్వనాథ బసదికీ (జైన ఆలయం) ఇబ్బంది లేకుండా వెళ్లొచ్చాం.

గగన్ మహల్ దగ్గరే ఆగిపోతున్నాం. ఆదివారం ఉదయం పదింటికి వెళ్తే గేటుకు తాళం. మామూలు రోజు మధ్యాహ్నం మూడింటికి వెళ్లినా అంతే. బయటి నుంచి కింది కమానులు, పైన గుడి శిఖరంలా మెట్లుమెట్లుగా లేచిన కప్పు కనిపిస్తాయి. పై అంతస్తుకు ఎక్కి చూడాలన్నదే నాన్న కోరిక. ఎదురుగా ఉన్న టీ కొట్టాయన తాళం వాచ్‌మన్ దగ్గర ఉంటుందన్నారు, గంటసేపు చూసినా ఆయన రాలేదు. నెట్‌లో దొరికిన నంబరుకు ఫోన్ చేస్తే రింగవుతుంది కానీ ఎవరూ ఎత్తరు. మ్యాప్‌లో మాత్రం 'తెరిచి ఉంది' అనే చూపిస్తోంది.

నాన్నకు మోకాళ్ల నొప్పి, ఊరికే తిప్పలేను. ఈమధ్య లోపలికి వెళ్లినవాళ్లు చెప్పండి: ఏ రోజు, ఎన్ని గంటలకు వెళ్తే తాళం తీసి ఉంటుంది?