పదో వారంలో థైరాయిడ్ డోస్ పెంచారు, వీడియోల్లో మానేయమంటున్నారు

తొలిచూలు:
నాకు పదో వారం. గర్భం రాకముందు నుంచే థైరాయిడ్ మాత్ర 50 మైక్రోగ్రాములది వేసుకుంటున్నాను. మొన్న టీఎస్‌హెచ్ (థైరాయిడ్ సరిగా పనిచేస్తోందో లేదో చూసే రక్తపరీక్ష) రిపోర్టు చూసి డాక్టర్ 75 చేశారు. ఆ రాత్రే ఫోన్‌లో ఒక వీడియో కనిపించింది. కడుపుతో ఉన్నప్పుడు హార్మోన్ మాత్రలు వేసుకుంటే బిడ్డ మెదడు దెబ్బతింటుందట, తిండితోనే నయం చేసుకోవాలట. అది చూశాక వరసగా అలాంటివే వస్తున్నాయి. కింద ‘నేను మానేశాను, బాబు బాగున్నాడు’ అని కామెంట్లు. మాత్ర మానలేదు కానీ రోజూ పొద్దున్నే చేతిలో పట్టుకుని టెన్షన్ పడుతున్నాను. ఎవరి మాట నమ్మాలి?

మందులషాపు అక్క:
మానకండి. నేను ఫార్మసిస్టుని. అందులో ఉన్నది లెవోథైరాక్సిన్, మన మెడలోని గ్రంథి తయారుచేసే హార్మోనే. దాదాపు 18-20 వారాల వరకు బిడ్డ దాన్ని సొంతంగా సరిపడా చేసుకోలేదు, తల్లి నుంచి అందాల్సిందే. మెదడు ఎదగడానికి కావలసిందే అది! ఆ వీడియో విషయాన్ని పూర్తిగా తలకిందులు చేసింది, నాకు చాలా కోపంగా ఉంది. డోస్ పెంచడమూ మామూలే, గర్భంతో ఉన్నప్పుడు చాలామందికి 25 నుంచి 50 శాతం ఎక్కువ కావాలి. ఇక ఆ కామెంట్లు రాసినవాళ్ల టీఎస్‌హెచ్ ఎంతో మీకు తెలియదు. మానేసి ఇబ్బందిపడ్డవాళ్లు అక్కడికొచ్చి రాయరమ్మా.

ఇద్దరి తల్లి:
నేనూ థైరాయిడ్‌తోనే ఇద్దరిని కన్నాను. నెట్ చూడొద్దని మాత్రం అనను. ఐరన్, కాల్షియం మాత్రలతో కలిపి వేసుకుంటే థైరాయిడ్ మాత్ర ఒంటికి సరిగా పట్టదని, నాలుగు గంటల ఎడం ఉండాలని నాకు నెట్‌లోనే తెలిసింది. స్క్రీన్‌షాట్ చూపిస్తే డాక్టరమ్మ ఏది ఎప్పుడు వేసుకోవాలో రాసిచ్చారు. మీరూ ఆ వీడియో చూపించండి, ఏమనుకుంటారో అని మొహమాటపడకండి.

ఇంకో మాట. ముందుముందు బిడ్డ కదలిక తగ్గినట్టనిపిస్తే ఇంట్లో డాప్లర్ (బిడ్డ గుండె చప్పుడు వినే చిన్న పరికరం) పెట్టి వినమనే వీడియోలు కనిపిస్తాయి. దాంట్లో వినిపించేది మీ గుండె చప్పుడే కావచ్చు. అప్పుడు ఏదీ వెతక్కుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లిపోండి.

తొలిచూలు:
చాలా థాంక్స్ అక్కా, మీ ఇద్దరికీ. మాత్ర వేసుకున్నాను. ఐరన్ ఇంకా మొదలుపెట్టలేదు, ఆ ఎడం సంగతి ముందే అడుగుతాను. మళ్లీ టీఎస్‌హెచ్ ఎప్పుడు చేయించాలో కనుక్కోవడానికి ఎలాగూ రేపు ఫోన్ చేయాలి. వీడియో కూడా డాక్టర్‌కి పంపిస్తాను.

మందులషాపు అక్క:
మంచిది. గర్భం సగం కాలం గడిచేదాకా ఆ పరీక్ష సాధారణంగా నాలుగు వారాలకోసారి చేయిస్తారు. పాత రిపోర్టు కూడా దగ్గర పెట్టుకోండి.