చెత్తబుట్టలోంచి తీసి చూస్తే రెండో గీత!

ప్రశ్న: అక్కలూ, డేట్ దాటి రెండు రోజులైంది. నిన్న సాయంత్రం ప్రెగ్నెన్సీ కార్డు కిట్‌తో చూసుకున్నా. ఐదు నిమిషాలకు ఒక్క గీతే. పడేశాను. రాత్రి మనసాగక చెత్తబుట్టలోంచి తీస్తే రెండో గీత సన్నగా, బూడిద రంగులో కనిపించింది. ఉన్నట్టా, లేనట్టా? ఒకటే టెన్షన్.

జవాబు: నేను ల్యాబ్‌లో పనిచేస్తానమ్మా. ముందు ఆ కార్డును మళ్లీ చెత్తబుట్టలోనే వేసెయ్. టైము దాటాక వచ్చిన గీత లెక్కలోకి రాదు. తడి ఆరిపోయాక, కార్డు మీద రెండో గీత పడాల్సిన టీ (T) అక్షరం దగ్గర అలాంటి మరక మిగులుతుంటుంది.

పిండం గర్భసంచి గోడకు అతుక్కున్నాక హెచ్‌సీజీ అనే హార్మోన్ తయారై రక్తంలోకి, అక్కణ్నుంచి మూత్రంలోకి వస్తుంది. చాలా కార్డుల్లో, చుక్కలు వేసే గుంట పక్కన, ఈ హార్మోన్‌ను పట్టుకునే యాంటీబాడీలు అనే ప్రొటీన్లు అంటించిన బంగారు రేణువులుంటాయి. (నిజం బంగారమే. అంత చవక కిట్‌లో ఎంతుంటుందో అడక్కండి!) గీతకు ఆ గులాబీ రంగు వాటివల్లే. రేణువులు హార్మోన్‌ను పట్టుకుని తడితోపాటు ముందుకు పాకుతాయి. టీ దగ్గర కాచుకున్న ఇంకో యాంటీబాడీ అదే హార్మోన్‌ను పట్టేస్తే, కొన్ని రేణువులు అక్కడే పోగై గీత పడుతుంది. హార్మోన్ లేకపోతే టీ దాటి వెళ్లిపోతాయి. కిట్ పనిచేసిందని చూపే సీ (C) గీతకు మాత్రం హార్మోన్‌తో పనిలేదు, రేణువులు వస్తే చాలు. అందుకే సీ రాకపోతే ఆ కిట్ చెల్లదు, టీ వచ్చినా సరే.

ప్రశ్న: అయితే లేదనే అనుకోనా అక్కా?

జవాబు: అప్పుడే అనుకోకు. ఈ నెల అండం ఆలస్యంగా విడుదలైతే హార్మోన్ ఇంకా తక్కువే ఉండొచ్చు. మొదట్లో అది రెండు మూడు రోజులకోసారి రెట్టింపవుతుంది. పైగా సాయంత్రానికి నీళ్లు బాగా తాగుంటే మూత్రం పలచబడుతుంది. రెండు రోజులాగి, పొద్దున లేవగానే వచ్చే మూత్రంతో కొత్త కిట్ మీద చూడు. కవరు మీద రాసినన్ని చుక్కలే వెయ్యి. టైములోపు గులాబీ గీత పడితే, ఎంత లేతగా ఉన్నా ఉన్నట్టే.

ఇంకో సభ్యురాలు: పిల్లల కోసం మందులు వాడేవాళ్లు జాగ్రత్త. నాకు అండం విడుదలకు ఇచ్చిన ఇంజక్షన్ హెచ్‌సీజీయేనట. వారానికే రెండు గీతలు చూసి స్వీట్లు పంచబోయాను! డాక్టరు చెప్పిన తేదీ దాకా ఆగండి.

జవాబు: ఇంకొకటి. గర్భం గర్భసంచిలో కాకుండా, అండం వచ్చే ట్యూబులో నిలిచినా కిట్‌లో రెండు గీతలే వస్తాయి. ఎక్కడుందో చెప్పేది స్కాన్. పొత్తికడుపులో తీవ్రమైన నొప్పి, రక్తస్రావం, కళ్లు తిరగడం ఉంటే ఇంట్లో కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రశ్న అడిగినవారు: అవేం లేవక్కా. ఎల్లుండి పొద్దున చూస్తా. ఈసారి టైముకు ఫొటో తీసి, కార్డు వీధి చివరి కుండీలో పడేస్తా.