నాటికకు డైరెక్షన్ నా మీద పడింది, టీమ్‌ను ఎట్లా నడపాలి?

ప్రశ్న (అనంతపురం, బ్యాంకు ఉద్యోగి)

అందరికీ నమస్కారం. మా నాటక సమాజం వేసే నాటికల్లో చాలా కాలంగా చిన్నా పెద్దా వేషాలు వేస్తున్నాను. మా డైరెక్టర్ గారు ఆరోగ్యం బాగాలేక తప్పుకున్నారు. సంక్రాంతి తర్వాత జరిగే నాటక పరిషత్తు పోటీకి నాటిక నువ్వే తయారు చెయ్యి అని అందరూ నా మీద పెట్టారు.

నాటకం గురించి నాకు భయం లేదు, మనుషుల గురించే టెన్షన్. ప్రధాన పాత్ర వేసేది నాకన్నా బాగా పెద్దాయన. మేకప్ వేసుకోవడం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఇప్పుడు నేనేదైనా చెప్తే "చూద్దాంలేప్పా" అని, తనకు తోచిందే చేస్తాడు. రచయిత మావాడే, ఒక్క డైలాగు తీసేసినా ముఖం మాడ్చుకుంటాడు. లైటింగ్ చూసేది ఇంజనీరింగ్ కుర్రాడు. మంచి బుర్ర, కానీ పెద్దవాళ్ల ముందు నోరు విప్పడు. అందరూ పగలంతా ఉద్యోగాలు చేసుకుని సాయంత్రం వచ్చేవాళ్లే, ఎవరికీ జీతం ఇచ్చేది లేదు. గట్టిగా మాట్లాడితే మర్నాటి నుంచి రారు, మెత్తగా ఉంటే ఎవరి నాటిక వాళ్లు ఆడతారు. ఇట్లాంటి టీమ్‌ను నడిపేవాడికి ఏ గుణాలు ఉండాలి? చేసినవాళ్లు చెప్పండి.

జవాబు (తాడిపత్రి, రిటైర్డ్ హైస్కూలు టీచర్)

గుణాల సంగతి తర్వాత. ముందు ఒక క్యాలెండరు తీసుకోండి. పోటీ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టి రెండు తేదీలు గుర్తు పెట్టి, రిహార్సల్ గది గోడ మీద అందరికీ కనిపించేట్టు రాయండి. మొదటి తేదీ వరకు స్క్రిప్టు గురించి ఎవరు ఏమైనా అనొచ్చు. ఆ తర్వాత స్క్రిప్టు కదలదు. రెండో తేదీ వరకు నడకలు, నిలబడే చోట్లు మార్చుకోవచ్చు. ఆ తర్వాత అవీ కదలవు. తన మాట ఎప్పటిదాకా చెల్లుతుందో తెలియని కళాకారుడు చివరి రోజు దాకా వాదిస్తూనే ఉంటాడు. తేదీ తెలిస్తే వాదన ముందే తెచ్చుకుంటాడు. అందరి మాటా వినండి, నిర్ణయం మీరే చేయండి, అది ఏ రోజు చేస్తారో ముందే చెప్పండి. నాకు తెలిసిన డైరెక్షన్ ఇదే.

సినిమా డైరెక్టర్ కె.వి.రెడ్డి గారు మా తాడిపత్రి ప్రాంతం వారే. 1957లో వచ్చిన మాయాబజార్‌కు షూటింగ్ కన్నా ముందే రిహార్సల్స్ చేయించి, స్టాప్‌వాచ్ పెట్టి సీన్ల నిడివి కొలిపించారు. ఎన్టీఆర్, ఏఎన్నార్, ఎస్వీఆర్, సావిత్రి, ఇంతమంది హేమాహేమీలు ఒక్క సినిమాలో! వాళ్లందరూ సెట్టు మీదికి వచ్చేసరికి తేల్చుకోవాల్సినవి కథ దగ్గరే తేలిపోయి ఉండాలన్నది ఆయన పద్ధతి.

ఆ వాచీని మీ రచయిత చేతికివ్వండి. పోటీ నాటికకు టైము నిబంధన ఎట్లాగూ ఉంటుంది. కూర్చుని చదువుకునే రిహార్సల్‌లో ప్రతి సీనూ ఎంతసేపు పట్టిందో ఆయన్నే రాయమనండి. మీరు కొట్టేస్తే అది అవమానం. ఎక్కువైందని తన వాచీలోనే కనిపిస్తే పెన్ను ఆయనే తీస్తాడు. ఏ డైలాగు పోతే కథ తెగుతుందో ఆయనకన్నా బాగా ఎవరికి తెలుసు?

ఇక పెద్దాయన. నలుగురిలో ఆయన్ను సరిదిద్దవద్దు. టీకి తీసుకెళ్లి ఒక్కరితోనే మాట్లాడండి, అక్కడ కూడా "ఇంకా ఫీలవ్వాలి సార్", "కొంచెం తగ్గించాలి సార్" అనవద్దు. భావం ఎట్లా పలికించాలో ఆయనకు మీరు చెప్పేది లేదు. చేతులకు పని ఇవ్వండి. మా నాటికలో ఒక తండ్రికి, కొడుకు పొలం అమ్మేశాడని తెలిసే సీను ఉండేది. ఆ వేషం వేసినాయన మహానటుడు, కానీ ఆ చోటికి రాగానే కండువా ముఖానికి అడ్డం పెట్టుకుని భోరుమనేవాడు. నేను ఏడుపు ఊసే ఎత్తలేదు. గొళ్లెం బిగుసుకుపోయిన పాత టిఫిన్ క్యారియర్ ఒకటి తెచ్చి, "సార్, కొడుకు మాటలు వింటూ దీని మూత తీయండి" అని ఇచ్చాను. అది రాదు. రెండు చేతులూ దాని మీదే ఉన్నాయి, కండువా పైకి లేవలేదు. గొళ్లెం లాగుతూ లాగుతూ, "ఎంతకు అమ్మినావురా" అనే మాట దగ్గర వేళ్లు ఆగిపోయాయి. ఆ ఆగడం నేను చెప్పింది కాదు, ఆయనదే. తర్వాత ఏ ఊరికి పోయినా ఆ క్యారియర్‌ను తన సంచిలో తనే పెట్టుకుని వచ్చేవాడు.

లైటింగ్ కుర్రాడిని మొదటి రోజు నుంచీ కూర్చోబెట్టండి. చివరి రిహార్సల్ నాడు పిలిచి "ఇక్కడ నీలం, అక్కడ ఎరుపు" అంటే అతనికి మిగిలేది స్విచ్చులు నొక్కడమే. అభిప్రాయాలు అడిగేటప్పుడు అందరికన్నా చిన్నవాడితో మొదలుపెట్టండి. పెద్దాయన ఒకసారి బాగుందనేశాక ఆ గదిలో ఇంకెవరూ కాదనరు. "ఎట్లా ఉంది?" అని కూడా అడగవద్దు. "ఈ సీనులో వెలుగు కిటికీ నుంచి రావాలా, వాకిలి నుంచా?" అనండి. నోరు విప్పనివాడు కూడా దానికి జవాబు చెప్తాడు.

జవాబు (కడప, రంగస్థల నటి)

మాస్టారు గారు చెప్పినవన్నీ నిజమే. ఒకటి మిగిలిపోయింది. మీ నాటికలో ఆడ పాత్ర ఉండే ఉంటుంది, దానికి బయటి ఊరి నుంచి నటిని పిలుస్తారు. నాలాంటి వాళ్లం ఒకే సీజనులో నాలుగైదు సమాజాలకు వేస్తుంటాం, పోటీ దగ్గరపడ్డాకే రిహార్సల్‌కు రాగలం. అప్పటిదాకా నా స్థానంలో ఎవరినైనా నిలబెట్టి నడకలు, నిలబడే చోట్లు ఖాయం చేసి ఉంచిన డైరెక్టర్ దగ్గర నేను వచ్చిన రోజే నటించడం మొదలుపెడతాను. లేకపోతే ఎటు నడవాలో వెతుక్కోవడంతోనే పొద్దు పోతుంది.

స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని నాటక నటుడు బళ్లారి రాఘవ గారు ఆ రోజుల్లోనే పట్టుబట్టారు. సభల్లో అందరూ చెప్తారు, నాకూ ఆయనంటే ఎంతో గౌరవం. కానీ ఆ స్త్రీ రిహార్సల్ అయ్యాక రాత్రి ఇంటికి ఎట్లా చేరుతుందో అడిగే డైరెక్టర్లు తక్కువ. తొమ్మిదికి వదులుతామంటే తొమ్మిదికే వదలండి. బట్టలు మార్చుకోవడానికి తలుపు, గొళ్లెం ఉన్న గది చూపించండి. ఇవి నాటకానికి సంబంధించని విషయాలు కావు. చివరి బస్సు గురించి ఆలోచిస్తూ డైలాగు చెప్పేదాన్ని నేనే.

మా జిల్లాలోని సురభి గ్రామంలో 1885లో మొదలైన సురభి వాళ్ల నాటకాలు మీరు చూసే ఉంటారు. ఒకే కుటుంబాల మనుషులు. వేషం వేసేవాళ్లే తెర వెనక పనీ చేస్తారు. మీ టీమ్‌లో కూడా సెట్టు మోసేటప్పుడు ప్రధాన నటుడితో సహా అందరూ చెయ్యి వేయాలని మొదటి రోజే చెప్పండి. మీరు ముందు వేయండి.

జవాబు (కర్నూలు, ప్రస్తుతం బెంగళూరులో యానిమేషన్ పని)

మాస్టారు గారితో ఒక్క చోట నాకు పేచీ ఉంది. తేదీ పెట్టడం మంచిదే, కానీ మరీ ముందు పెడితే ఆలస్యంగా వచ్చే మంచి ఐడియా చచ్చిపోతుంది. అమెరికాలో యానిమేషన్ సినిమాలు తీసే పిక్సార్ సంస్థలో బ్రెయిన్‌ట్రస్ట్ అని ఒక ఏర్పాటు ఉంది. డైరెక్టర్ సగం సగం తయారైన సినిమాను మిగతా డైరెక్టర్లకు, రచయితలకు చూపిస్తాడు. ఎక్కడ కథ తేలిపోతోందో వాళ్లు మొహమాటం లేకుండా చెప్తారు. ఇట్లా మార్చి తీరాలని ఆదేశించే అధికారం మాత్రం వాళ్లకు లేదు. ఏం మార్చాలో డైరెక్టరే చూసుకోవాలి. మీరు కూడా రెండు తేదీల మధ్యలో ఒక సాయంత్రం, మీ సమాజంలో ఈ నాటికతో సంబంధం లేని ఇద్దరు ముగ్గురిని పిలిచి చూపించండి. సలహాలు అడగొద్దు, ఎక్కడ విసుగొచ్చిందో మాత్రం అడగండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ చాలా థ్యాంక్స్. ఆదివారం స్క్రిప్టు చదవడం పెట్టుకున్నాను. వాచీ రచయితకే ఇస్తాను. ఇంకొక్క సంగతి. పోయినసారి ఉత్తమ నటుడి బహుమతి ఒకరికి వస్తే మిగతావాళ్లు మొహాలు తిప్పుకున్నారు. డబ్బు పంపకం దగ్గర కూడా గొడవైంది. దీనికేం చేయాలి?

జవాబు (తాడిపత్రి, రిటైర్డ్ హైస్కూలు టీచర్)

కర్నూలు తమ్ముడు చెప్పినట్టు ఒక సాయంత్రం బయటివాళ్లకు చూపించడం మంచి ఉపాయం, దాన్ని రెండో తేదీకి ముందే పెట్టుకోండి. ఆ అమ్మ చెప్పిన గది సంగతి నేను రాసి ఉండాల్సింది, మొదట అదే చూసుకోండి.

డబ్బు సంగతి ఆదివారమే తేల్చేయండి, చేతికి వచ్చాక కాదు. వ్యక్తిగత బహుమతి ఎవరికి వస్తే వాళ్లదే, దాన్ని ముట్టుకోవద్దు. ప్రదర్శనకు ఇచ్చే పారితోషికం, నాటికకు వచ్చే బహుమతి మాత్రం సమాజానివి. నటి గారికి మాట్లాడుకున్నది, సెట్టు వ్యాను బాడుగ, మేకప్, దారి ఖర్చులు పోగా మిగిలింది వచ్చే నాటికకు దాచాలా, అందరూ పంచుకోవాలా అన్నది ఆ రోజే అందరి ముందు నోటుబుక్కులో రాసి సంతకాలు పెట్టించండి.

మొహాలు తిప్పుకోవడానికి ఇంకో కారణం ఉంటుంది. తెర లేచే ముందు మైకులో పేర్లు చదువుతారే, ఆ కాగితం చాలా చోట్ల గ్రీన్‌రూమ్‌లో హడావుడిగా రాసేది. నటుల పేర్లు ఉంటాయి, లైటింగ్, సంగీతం, సెట్టు ఎగిరిపోతాయి. అది మీరే ముందు రోజు రాత్రి మీ చేతి రాతతో రాసి, అందరికీ చూపించి, అక్షరం తప్పు లేదనిపించుకుని మైకు దగ్గరున్నాయన చేతికివ్వండి.

ఆదివారం ఎన్ని గంటలకో, ఎక్కడో రాయండి. మీకు అభ్యంతరం లేకపోతే పొద్దున బస్సుకు వచ్చి వెనక కూర్చుంటాను. మీ వాళ్ల ముందు మాత్రం నన్నేమీ అడగవద్దు, అది మీ రిహార్సల్.