పిల్లికి కిడ్నీలో గడ్డ, ఒంట్లో రక్తం ఎక్కువ: ఆపరేషన్ చేయించినవాళ్లు ఉన్నారా?

మా పిల్లికి పదకొండేళ్లు. చిగుళ్లు ఇటుక రంగుకు తిరిగాయి, నీళ్లు తెగ తాగుతోంది. రక్తపరీక్షలో పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం) 68 వచ్చింది. పిల్లులకు మామూలుగా 45 లోపే ఉండాలట. స్కానింగ్‌లో ఎడమ కిడ్నీలో గడ్డ కనిపించింది. అది ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా వదలడంతో ఎముక మజ్జ ఎర్రకణాలను అదేపనిగా తయారుచేస్తోందని డాక్టర్ గారి అనుమానం. (రక్తం తక్కువని విన్నాం గానీ, ఎక్కువై జబ్బు చేయడం ఇదే వినడం!) రక్తం మరీ చిక్కబడితే ఫిట్స్ రావచ్చని ప్రస్తుతానికి కొంత రక్తం తీసి, సెలైన్ ఎక్కించారు.

కుడి కిడ్నీ బాగానే ఉంది, ఛాతీ ఎక్స్‌రేలో ఏమీ లేదు. నేరుగా ఎడమ కిడ్నీ తీయించేయాలా, ముందు సూదితో శాంపిల్ తీసి లింఫోమా (తెల్లరక్తకణాల క్యాన్సర్) కాదని తేల్చుకోవాలా? చేయించినవాళ్లుంటే తర్వాత పీసీవీ ఎన్నాళ్లకు దిగిందో చెప్పండి. ఆపరేషన్ లేకుండా హైడ్రాక్సీయూరియా (ఎర్రకణాల తయారీని తగ్గించే మందు)తో నెట్టుకొచ్చినవాళ్లున్నా చెప్పండి. మేముండేది విజయవాడలో, హైదరాబాద్ దాకా అయినా తీసుకెళ్తాం. చాలా టెన్షన్‌గా ఉంది.