బోరు నీళ్లు పోయని బ్లాంక్‌లో జింక్ ఎలా వస్తోంది?

ప్రశ్న: పటాన్‌చెరు వైపు బోరు నీళ్లలో సీసం, జింక్ చూస్తున్నాను. ఐసీపీ-ఎంఎస్ (లోహాలను అతి తక్కువ మోతాదులోనూ కొలిచే యంత్రం)లో బ్లాంక్‌ (బోరు నీళ్లు లేకుండా శుభ్రమైన నీళ్లు, యాసిడ్ మాత్రమే ఉన్న నమూనా) పెట్టినా జింక్ చూపిస్తోంది. ఊళ్లోవాళ్లు రిపోర్టు కోసం ఎదురుచూస్తున్నారు. ఈ అంకెలు వాళ్ల చేతికి ఇవ్వడానికి మనసొప్పడం లేదు.

జవాబు: ముందు గ్లవ్స్ చూడండి. పౌడర్ లేటెక్స్ గ్లవ్స్ నుంచి జింక్ దిగుతుంది. పౌడర్ లేని నైట్రైల్‌వి వాడండి. ప్లాస్టిక్ సీసాలు 10 శాతం నైట్రిక్ యాసిడ్‌లో రాత్రంతా నానబెట్టి, అల్ట్రాప్యూర్ నీళ్లతో కడగాలి.

జవాబు: యాసిడ్ కూడా చూడండి. పీహెచ్ 2 కన్నా దించడానికి నమూనాలో పోసేది మామూలు గ్రేడైతే లోహాలు దాంతోనే వస్తాయి. ఖరీదైనా లోహాలు దాదాపు లేని ట్రేస్ మెటల్ గ్రేడే కొనండి. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. అంత తక్కువ దగ్గర గదిలోని దుమ్ము కూడా లెక్కలోకి వస్తుంది. భూమి వయసు తేల్చిన క్లెయిర్ ప్యాటర్సన్ ఈ సీసం బాధ పడలేకే అమెరికాలోని కాల్‌టెక్ యూనివర్సిటీలో దుమ్ము చేరని క్లీన్ ల్యాబ్ కట్టించుకున్నారు.

ప్రశ్న అడిగినవారు: మాకు క్లీన్ రూమ్ లేదండి. ఏం చేయను?

జవాబు: హెపా ఫిల్టరుతో దుమ్ము వడకట్టిన గాలి వీచే లామినార్ ఫ్లో బెంచ్ దొరికితే సీసాలు అక్కడే తెరవండి. ఫీల్డ్ బ్లాంక్ కూడా పెట్టండి: అల్ట్రాప్యూర్ నీళ్లు బోరు దగ్గరికి తీసుకెళ్లి, అక్కడే సీసాలో పోసి, అదే యాసిడ్ కలపండి. జింక్ ల్యాబ్‌లో చేరుతోందా, దారిలోనా అన్నది దాంతో తెలుస్తుంది.